ఎత్తు పెంచిన జీపునకు బ్రేకు గొట్టముల దారి

పెద్దలారా! రచ్చబండల యొద్దను, ఇంటి అరుగుల మీదను కూర్చుండి ఈ ప్రసంగము వినుచున్న సోదరులారా! 

నేను పుత్తూరులో ముప్పది యేండ్లుగా మోటారు బండ్ల మరమ్మతు చేయుచున్నవాడను. పండితుడను గాను. చేతితో చేసిన పనిని, ఆ పనిలో నేను చేసిన యొక తప్పును మీతో చెప్పుకొనుటకు వచ్చితిని. నేను చెప్పబోవునది పెన్సిలు కంటె సన్నని యొక గొట్టమును గూర్చినది. అయినను మీ బిడ్డల ప్రాణములు ఆ గొట్టముననే ప్రవహించుచున్నవని ప్రసంగము ముగియునప్పటికి మీకే తోచును.

ఇప్పుడు మన ప్రాంతమున యువకులు పాత జీపులను కొని, కమాను కట్టలు మార్చి, పెద్ద చక్రములు తగిలించి, బండి ఎత్తు పెంచుచున్నారు. కొందఱిది వేడుక; కొందఱిది అవసరము. మూలకోన దిక్కున గాని, నారాయణవనము దాటి కైలాసకోన దిక్కున గాని కొండ క్రింద మామిడితోటలున్న వారికి రాళ్ళదారియే దారి, వంకయే వంతెన. బండి కడుపు రాతికి తగులకుండ పోవలెనన్న ఎత్తు కావలసినదే. అందుకు డబ్బు ఇచ్చువారు మీరు. ముందు సీటులో కూర్చుండువారును మీరే. కాబట్టి ఈ మాట వారికంటె ముందు మీకు చెప్పుట మేలని తలంచితిని.

మొదట బ్రేకు పని చేయు విధమును చెప్పెదను. ఎద్దులబండికి వాలున చక్రము మీద కట్టెదిమ్మను త్రాటితో బిగించుట మీరెఱుగుదురు. తొలినాటి మోటారు బండ్లకును అటువంటి పద్ధతియే. ఇనుప కడ్డీలతోను తీగలతోను కాలి బలమును చక్రము దాక లాగెడివారు. ఒక కడ్డీ సాగి, మఱియొకటి బిగుసుకొని, నాలుగు చక్రములు నాలుగు తీరుల నిలిచెడివి. పిమ్మట త్రాటికి బదులు ద్రవము వచ్చెను. మూసిన పాత్రలోని ద్రవమును ఒకచోట నొక్కినచో ఆ ఒత్తిడి అన్ని వైపులకు సమానముగా పోవునని పదునేడవ శతాబ్దమున ఫ్రాన్సు దేశస్థుడైన పాస్కలు నిరూపించెను. ఆ సూత్రము ననుసరించి నాలుగు చక్రములకును ద్రవపు బ్రేకులు గల డ్యూసెన్‌బర్గు అను కారు 1921లో అమెరికాలో వెలువడెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1941 మొదలు పెద్దసంఖ్యలో తయారైన విల్లీస్ జీపునకును ద్రవపు బ్రేకులే. ఆ జీపునే స్వాతంత్ర్యము వచ్చిన కొలది కాలమునకు మహీంద్రా వారు బొంబాయిలో కూర్చి అమ్మనారంభించిరి. మన కొండదారులలో నేటికిని తిరుగుచున్న పాత జీపులు ఆ వంశమునకు చెందినవే.

ఒక చిన్న లెక్క చెప్పెదను. మీరు కాలితో పెడలును ముప్పది కిలోల బరువుతో త్రొక్కితి రనుకొనుడు. పెడలు ఒక మీటవంటిది. అది ఆ బలమును ఐదింతలు చేసినచో నూటయేబది కిలోలగును. అది మాస్టరు సిలిండరులోని పిస్టనును త్రోయును. ఆ పిస్టను ముఖము సుమారు ఐదు చదరపు సెంటీమీటర్లు గలదైనచో, గొట్టములోని నూనె మీద ఒక్కొక్క చదరపు సెంటీమీటరునకు ముప్పది కిలోల ఒత్తిడి పడును. జీపు టైరులోని గాలి ఒత్తిడి రెండు కిలోలకు అటునిటు. అనగా ఆ సన్నని గొట్టము టైరుకంటె పదునైదింతల ఒత్తిడిని భరించుచున్నది. భయపడి గట్టిగా త్రొక్కినప్పుడు ఇది ఇంకను పెరుగును.

ఇంతటి ఒత్తిడి ఏ లోపము లేక చక్రము దాక పోవుటకు కారణము ద్రవము నొక్కినను కుదించుకొనకపోవుట. గాలి అట్లు గాదు, అది కుదించుకొనును. గొట్టములో గాలి చేరెనా, మీ కాలి బలము ఆ గాలిని నొక్కుటకే సరిపోవును. గొట్టమున చిల్లి పడెనా, నూనె నేలపాలగును. రెండింటికిని ఫలితమొక్కటే: పెడలు నేలకంటును, బండి నిలువదు.

ఇక గొట్టము పోవు దారి. మన పుత్తూరు పేరు దూరదేశములందు వినబడుట ఎముకలు కట్టు విద్యవలన. చేయి విరిగినవారు, కాలు విరిగినవారు పుత్తూరు కట్టు కొఱకు రైళ్ళలోను బస్సులలోను వచ్చుట మీరెల్లరు చూచినదే. ఆ కట్టు కట్టువారు ఎముక పొడవున వెదురుబద్దలను కదలకుండ బిగించుట, కట్టునకు వెలుపలి కీళ్ళకు వేళ్ళకు కదలిక విడుచుట నేను దగ్గరనుండి చూచితిని. బ్రేకు గొట్టమునకును న్యాయ మిదియే. జీపు అడుగున ఛాసిస్సు ఎముక. దానిని అంటిపెట్టుకొని పోవునది ఇనుప గొట్టము. అది ఇసుమంతయు కదలరాదు. ఇరుసు కమాను కట్టల మీద లేచిపడుచుండును. ముందుచక్రములు స్టీరింగుతో తిరుగుచుండును. ఇవి కీళ్ళు. ఈ కీళ్ళను దాటుచోట రబ్బరు గొట్టము వేయుదురు. అది ఏ స్థితిలోను బిగుసుకొనరాదు. ఎముక దగ్గర కదలిక, కీలు దగ్గర బిగింపు – ఈ రెండును ప్రాణాపాయములే.

ఎత్తు పెంచుటయందలి చిక్కు ఇక్కడనే గలదు. జీపునకు సహజముగా కమాను కట్ట ఇరుసు క్రింద నుండును. దానిని ఇరుసు మీదికి మార్చినచో బండి నాలుగైదు అంగుళములు లేచును. అనగా ఛాసిస్సునకు ఇరుసునకు నడుమ దూరము అంత పెరిగినది. మెత్తని పొడవుపాటి కట్టలు వేసినచో చక్రము గుంటలోనికి ఇంకను క్రిందికి జాఱగలదు. కీలు పెద్దదైనది, దానిని దాటు రబ్బరు గొట్టము మాత్రము పాత పొడవుననే యున్నది. ఎత్తు చూచువారు, చక్రములు చూచువారు ఈ గొట్టమును చూడరు. నేనును చూడలేదు.

పదియేండ్ల క్రిందటి మాట. కొండ క్రింద మామిడితోట గల యొక పెద్దాయన మనుమని కోరిక మీద తన పాత జీపును నా యొద్దకు తెచ్చెను. నేను కట్టలను ఇరుసు మీదికి మార్చితిని. వెనుక ఇరుసునకు పోవు రబ్బరు గొట్టమును చూచితిని. బండి షెడ్డులో చదునైన నేల మీద నిలిచియున్నది. గొట్టము కొంచెము వంగి వ్రేలాడుచున్నది. చాలునని తలంచితిని. ఒక నెల తోట దారిని ఏ లోపము లేక నడచినది. ఒకనాడు కాయల గంపలతో దిగుచుండగా వెనుక ఎడమచక్రము వంకలోని గుంటలో పడెను. కుడిచక్రము బండరాతి నెక్కెను. ఇరుసు వంకరయై గొట్టమును లాగగా, కొనయందలి లోహపు బిగింపునుండి రబ్బరు ఊడివచ్చెను. ఆ జీపునకు నాలుగు చక్రములకును నూనె దారి యొక్కటే. ఒక్కచోట కారగా నాలుగును పోయెను. చేతిబ్రేకు తీగ ఏనాడో తెగియున్నది. దానిని బాగుచేయుమని వారు చెప్పలేదు, నేను అడుగలేదు. మనుమడు ధైర్యము విడువక బండిని గట్టున కానించెను. పెద్దాయనకు ముంజేయి విరిగెను. ఎడమ ప్రక్క గట్టు గాక లోయ యున్నచో ఏమగునో చెప్పనక్కఱలేదు.

ఆసుపత్రిలో ఎక్సురే తీయించి, పిమ్మట కట్టు వేయించిరి. నేను చూడబోయితిని. ఆయన కోపపడలేదు. “నాయనా, ఎక్కతాదంటివి, ఎక్కింది. నిలబడతాదా అని నేనూ అడగలేదు, నువ్వూ చెప్పలేదు” అనెను. “తప్పు నాదే, పెదనాయనా” అంటిని. ఆ దినము మొదలు నేను ఎత్తు పెంచిన ఏ బండికిని బ్రేకు గొట్టముల దారి పరీక్షింపక తాళము చేతికీయలేదు. ఆ పరీక్షా క్రమమునే మీకు చెప్పెదను.

మొదటిది కొలత. రబ్బరు గొట్టమును బండి నేల మీద నిలిచినప్పుడు కొలువరాదు. ఛాసిస్సును గట్టి దిమ్మల మీద నిలిపి, చక్రములను గాలిలో వ్రేలాడవిడువవలెను. ఇరుసు పోగలిగినంత క్రిందికి పోవును. పిమ్మట ఒక ప్రక్కను జాకీతో ఎత్తి, మఱియొక ప్రక్కను క్రిందనే యుంచి, ఇరుసును వంకర చేయవలెను. ఆ స్థితియందును గొట్టమున ఒకటి రెండంగుళముల వదులు మిగులవలెను. తరువాత ఇరుసును పైనున్న రబ్బరు దిమ్మకు తగులునంత దాక ఎత్తి, ఆ వదులు గొట్టము మడతపడి నలుగుచున్నదేమో, కమాను కట్టకును ఛాసిస్సునకును నడుమ చిక్కుచున్నదేమో చూడవలెను. ముందు ప్రక్కన ఇంతటితో చాలదు. స్టీరింగును కుడికి చివరంట, ఎడమకు చివరంట త్రిప్పి, పైన క్రింద రెండు స్థితులలోను టైరు గొట్టమును రాయకుండ చూడవలెను. పెద్ద టైరు వేసిన బండ్లలో ఈ రాపిడి సామాన్యము. దినమునకు కొంచెముగా రబ్బరు తినివేయును, ఎవరికిని కనబడదు.

గొట్టము చాలనిచో రెండు మార్గములు గలవు. బ్రేకుల కొఱకే చేసిన పొడవైన గొట్టమును తెచ్చి వేయుట ఒకటి. ఛాసిస్సు మీద గొట్టము పట్టుకొను బ్రాకెట్టును గట్టి యినుముతో క్రిందికి దింపుట రెండవది. డీజిలు గొట్టమును గాని, నీళ్ళ గొట్టమును గాని బ్రేకునకు వాడుట కూడని పని. గొట్టము బిగించునప్పుడు మెలిపడరాదు. అనేక గొట్టముల మీద పొడవున ఒక గీత యుండును. ఆ గీత తిన్నగా నున్నచో మెలి లేదని గుర్తు. గొట్టము బరువు నట్టు మీద పడకుండ బ్రాకెట్టునందు క్లిప్పుతో పట్టించవలెను.

రెండవది ఇనుప గొట్టము దారి. దీని వెలుపలి వ్యాసము సామాన్యముగా అంగుళములో పదునాఱింట మూడు వంతులు, అనగా సుమారు 4.75 మిల్లీమీటర్లు. ఇది ఛాసిస్సు లోపలి ముఖమున, రాళ్ళ దెబ్బకు చాటున పోవలెను. అడుగునకో అడుగున్నరకో ఒక క్లిప్పు చొప్పున బిగించవలెను. క్లిప్పు లేనిచోట గొట్టము అదరును. అదరిన లోహము అలసి పగులును. పొగగొట్టమునకును సైలెన్సరునకును దూరముగా నడిపింపవలెను. వేడికి నూనె మరగును. తిరుగుచున్న ప్రొపెల్లరు షాఫ్టు దరికి పోనీయరాదు. ఛాసిస్సునందలి రంధ్రము గుండ పోవలసినచో ఆ రంధ్రమునకు రబ్బరు వలయము తొడగవలెను. లేకున్న రేకు అంచు ఱంపమువలె కోయును. ఇరుసు మీద పోవు గొట్టము ఇరుసు వెనుక పైభాగమున నుండవలెను. ముందు నుండి వచ్చు రాయి, తుమ్మకంప, ఎండిన మోడు మొదట ఇరుసునకు తగులవలెనే గాని గొట్టమునకు తగులరాదు. దారిలో అనవసరముగా మీదికి లేచి దిగు వంపులు పెట్టరాదు. ఎత్తైన వంపున గాలి బుడగ నిలిచి పోనని మొండికేయును. కాలువకు మిట్ట అడ్డమైన నీరు నిలుచును గదా. ఇచట గాలి నిలుచును.

గొట్టపు కొనను నట్టులో కూర్చుటకు విప్పి గరాటువలె చేయుదురు. దీనిని ఒకే మడతగా చేయరాదు. రెండు మడతలుగా చేయవలెను. ఒంటి మడత ఒత్తిడికి చీలును. కొందఱు వంచుట సులభమని మెత్తని ఒట్టి రాగి గొట్టము వేయుదురు. అదురునకు రాగి గట్టిపడి పగులును, బ్రేకునకు పనికిరాదు. నికెలు కలిపిన రాగి గొట్టము వేఱు, అది మంచిదే. విరిగిన గొట్టమును రబ్బరుముక్క తొడిగి తీగ చుట్టి అతుకు వేయుట చూచితిని. అట్లు చేసిన బండి నెక్కుటకంటె నడచిపోవుట మేలు.

మూడవది నూనె. బ్రేకు నూనె ఇంజను నూనె వంటిది గాదు. ఇంజను నూనెను గాని కిరసనాయిలును గాని పోసినచో సిలిండర్లలోని రబ్బరు వాషర్లు ఉబ్బి పాడగును. బ్రేకు నూనె డబ్బా మీద డాట్ 3 అనియో డాట్ 4 అనియో ఉండును. ఇది గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. క్రొత్త డాట్ 3 నూనె 205 డిగ్రీల సెంటీగ్రేడు లోపల మరుగరాదని నియమము. తేమ పీల్చినపిమ్మట 140 డిగ్రీలకే మరుగవచ్చును. డాట్ 4కు ఆ సంఖ్యలు 230, 155. మరిగిన ద్రవము ఆవిరియగును. ఆవిరియు గాలివలెనే కుదించుకొనును. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో తెరువబడినది మొదలు కొండదారి డ్రైవర్లు చెప్పుకొను మాట యొకటి కలదు: ఏ గేరున ఎక్కితివో ఆ గేరుననే దిగుము. ఎడతెగక బ్రేకు త్రొక్కినచో డ్రమ్ములు కాలును, నూనె మరగును. కాబట్టి రెండేండ్ల కొకసారి నూనె మార్చుడు. మూత తీసియుంచిన పాత డబ్బాలోనిది పోయకుడు.

గొట్టములు బిగించినపిమ్మట గాలి తీయవలెను. మాస్టరు సిలిండరునకు మిక్కిలి దూరమైన చక్రముతో మొదలిడి దగ్గరి చక్రమునకు వచ్చుట పాత జీపులకు వాడుక. ఒకరు పెడలు త్రొక్కి పట్టియుండగా, మఱియొకరు చక్రము కడ స్క్రూ వదులు చేసి, బుడగలు లేని నూనె వచ్చుదాక విడుచుచు, పెడలు లేవకముందే బిగించవలెను. తొట్టిలో నూనె అడుగంటకుండ చూచుకొనవలెను. పని ముగిసినపిమ్మట పెడలును గట్టిగా త్రొక్కి ఒక నిమిషము పట్టియుంచుడు. అది మెల్లగా క్రిందికి దిగినచో ఎక్కడనో లోపమున్నది. ప్రతి నట్టును పొడిగుడ్డతో తుడిచి, మరల త్రొక్కి, తడి చూడుడు. చివరకు బండిని ఊరిబయట చదునైన మైదానమున మెల్లగా నడిపి, నిలిపి చూచి, అటుపిమ్మట కొండకు పోనిండు.

క్రొత్త బండ్లలో మఱి రెండు సంగతులు గలవు. కొన్నింటికి వెనుక ఇరుసునుండి ఛాసిస్సునకు ఒక చిన్న కడ్డీ యుండి, బరువు ననుసరించి వెనుక బ్రేకు బలమును తగ్గించుట, హెచ్చించుట చేయును. ఎత్తు పెంచినచో బండి వట్టిదని అది భ్రమపడి వెనుక బ్రేకును తగ్గించును, దానిని సరిచూపించవలెను. ఏబీయస్ గల బండ్లలో చక్రమునకు పోవు సన్నని తీగకు సైతము గొట్టమునకు వలెనే వదులు విడువవలెను. నూనె దారి రెండుగా చీలిన బండ్లలో ఒకటి పోయినను రెండవది కొంతవఱకు కాపాడును. పాత ఒంటిదారి జీపున ఆ యాధారము లేదు. కాబట్టి దానికి చేతిబ్రేకు సరిగా నుండుట అత్యవసరము.

చట్టమును గూర్చి ఒక్క మాట. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019లో సుప్రీంకోర్టును కేరళ వ్యాజ్యమున ఈ విషయమునే గట్టిగా చెప్పెను. కావున ఎత్తు పెంచదలచినవారు ముందుగా రవాణా కార్యాలయమున విచారించి చేయుట మంచిది. ప్రమాదము జరిగినపిమ్మట ఇన్సూరెన్సు వారడుగు ప్రశ్నలకు మెకానికు జవాబు చెప్పలేడు. బండి యజమానియే చెప్పుకొనవలెను.

పెద్దలారా! పానా పట్టనక్కఱలేదు, మూడు ప్రశ్నలు అడిగిన చాలును. చక్రములు గాలిలో వ్రేలాడినప్పుడు గొట్టము వదులుగా నున్నదా? స్టీరింగు చివరంట త్రిప్పినప్పుడు టైరు దానిని రాయుచున్నదా? చేతిబ్రేకొక్కటే వాలున బండిని పట్టగలదా? ఈ మూడును కన్నులతో చూచినగాని డబ్బు చేతిలో పెట్టకుడు. పని తెలిసినవాడు ఇందుకు కోపపడడు, చూపుటకే సంతోషించును.

నాకు ఆ పెద్దాయన చేయి ఇప్పటికిని జ్ఞాపకము. ఎముక అతికినది, ఆయన మరల తోటకు పోవుచున్నాడు. ఆ జీపునకు పొడవైన గొట్టములు నేనే వేసితిని, కూలి తీసికొనలేదు. కొండ ఎక్కు బండిని చూచి మెచ్చుకొనువారు పలువురుందురు. ఎక్కునా యని కుఱ్ఱవాడడుగును. నిలబడునా యని ఇంటి పెద్ద అడుగవలెను. మీరడిగిననాడు మావంటి పనివారును జాగ్రత్తపడుదుము.